జేబులోని చాకు

చదువవలసిన వాక్యభాగము: యిర్మీయా 36వ అధ్యాయము

ప్రియ చదువరీ, నీ జేబులో ఇప్పుడేమున్నదో ఒకసారి తడవి చూచుకొనుము. తాళపుచెవులు, చేతిరుమాలు, సెల్ ఫోను, మెట్రో కార్డు, కొంచెము చిల్లర ఉండవచ్చును. వీటిలో ఏ ఒక్కదానినైనను తన చేతులతో చేసిన మనుష్యుని ముఖము నీవు చూచితివా? చూచియుండవు. నేనును చూడలేదు. మన ఒంటిమీద పగలంతయు మోయు వస్తువులను ఎవరు చేసిరో ఎరుగకయే మోయుచున్నాము, అవి పాడైనప్పుడు విచారము లేకయే పారవేయుచున్నాము.

ఈ మధ్య మా శ్రీనగర్ కాలనీ కుటుంబములలో ఒకదానినుండి ఒక తల్లి వచ్చి, గుడ్డలో చుట్టిన వస్తువొకటి నా బల్లమీద పెట్టెను. విప్పి చూడగా మడత చాకు. మడచినప్పుడు అరచేతిలో ఇమిడిపోవును. పిడి గేదె కొమ్ముతో చేసినది, రెండు ఇత్తడి మేకులతో బిగించినది. అలుగు నల్లగానున్నది, వాదర మాత్రము సానబట్టి తెల్లగా మెరయుచున్నది. "బట్టలు ఉతకబోయి జేబులు చూస్తే దొరికిందండీ అయ్యగారూ. మా ఇంటావంటా లేని పని. వీడు ఎవరినైనా పొడుస్తాడో, వీణ్ణే ఎవరైనా పొడుస్తారో అని రాత్రంతా కంటిమీద కునుకు లేదు" అని ఆమె కన్నీరు పెట్టుకొనెను. ఆ కుమారుడు అమీర్‌పేటలో ఏదో శిక్షణ పొందుచున్న ఇరువది యేండ్లవాడు, నెమ్మదిగలవాడు. వాడు చెప్పినదేమనగా, నిజామాబాదు జిల్లాలోని తన అమ్మమ్మగారి ఊరి కమ్మరి, పాత లారీ కమాను పట్టీ ముక్కను కొలిమిలో కాల్చి, సాగగొట్టి దానిని చేసెనట. "నేను రెండు గంటలు కొలిమి దగ్గరే కూర్చున్నానండీ. నా దగ్గరున్న వాటిలో ఎవరు చేశారో నాకు తెలిసింది ఇదొక్కటే. జేబులో ఉంటే బాగుంటుంది, అంతే" అనెను.

ఆ "బాగుంటుంది" అను మాట నన్ను కొన్ని దినములు విడువలేదు. దానినిగూర్చియే యీ నాలుగు పుటలు. ఏలయనగా ఒక వస్తువు మన జేబులో ఉన్నప్పుడు మన మనస్సుకు బాగుండుటకు కారణము ఏదో ఒకటి ఉండును, ఆ కారణమును వెలుగులోనికి తెచ్చి చూచుట ఆత్మకు మేలు.

చట్టము మాట మొదట చెప్పి ముగించెదను. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము క్రింద చేయబడిన నియమములలో, 9 అంగుళములకు మించిన పొడవు గాని 2 అంగుళములకు మించిన వెడల్పు గాని గల అలుగు ఉన్న కత్తులు ఆయుధములలో చేరును. ఇంటిపనికిని సేద్యమునకును వృత్తిపనులకును చేసినవి వాటిలో చేరవు. ఆ పిల్లవాని చాకు ఈ కొలతకు చాల లోబడినదే. అయినను విమానములోనికి దానిని చేతిసంచిలో తీసికొనిపోనీయరు, మెట్రో స్టేషనులో సంచులను తనిఖీచేయువారును దానిని చూచి ఊరకుండరు. పోలీసువారు అడిగినప్పుడు "నాకు బాగుంటుంది" అనునది జవాబు కానేరదని వానికి చెప్పితిని. అది వేరు సంగతి. చట్టము ఒప్పుకొనినంత మాత్రమున మనస్సాక్షి చేయవలసిన పని తీరిపోదు.

చేతితో చేసిన చాకులోని ఆకర్షణలో మొదటిది, దానియందు చేసినవాని చెయ్యి కనబడుట. దీనిని నేను తృణీకరింపను. అమ్మమ్మగారి జిల్లా పేరు విన్నప్పుడు నాకు వెంటనే తోచినది కోనసముద్రము. నిజామాబాదు జిల్లాలో నేడు మామూలు పల్లెగా నున్న ఆ ఊరు ఒకప్పుడు పారసీక దేశమువరకు ఎరిగిన ఉక్కు ఊరు. హెన్రీ వాయిసీ అను ఆంగ్లేయ వైద్యుడు, భూగర్భశాస్త్రము నెరిగినవాడు, భూమి కొలతల పనిమీద ఈ దేశములో తిరుగుచు అక్కడి పనిని కన్నులార చూచి వ్రాసిపెట్టెను. ఆయన 1824లో చనిపోయెను, ఆయన వ్రాసినది 1832లో కలకత్తాలో అచ్చుపడెను. ఇనుమును మట్టి మూసలలో పెట్టి, మూతవేసి, చిరకాలము మంటలో ఉంచి, తొందరపడక చల్లార్చుదురు. అప్పుడు బొగ్గుసారము ఇనుములో ఇంకి, సుమారు నూటికి ఒకటిన్నర పాలు కలిసి, గట్టి ఉక్కుముద్దయగును. ఇస్పహాను నుండి వర్తకులు సముద్రము దాటి వచ్చి, ఆ ముద్దలను దగ్గరనుండి పరీక్షించి కొనిపోయెడివారు. దమాస్కు కత్తులని లోకము కొనియాడిన అలుగులలోని నీటి అలలవంటి గీతలు ఇటువంటి ఉక్కునుండి పుట్టినవే.

ఇంకొక ముచ్చట. 1795లో లండనులోని రాయల్ సొసైటీలో జార్జి పియర్సను అను వైద్యుడు బొంబాయినుండి వచ్చిన "వూట్జు" అను ఉక్కును గూర్చిన వ్యాసము చదివించెను. ఆ వింత మాటకు మూలము మన "ఉక్కే" యని పండితులు చెప్పుదురు. తెలుగు కన్నడములు రెంటికిని అది ఇంటి మాట. ఆ ఉక్కు మంచిదో కాదో తేల్చుటకు పియర్సను దానిని జేమ్స్ స్టోడార్టు అను కత్తులు చేయువానికి ఇచ్చెను. స్టోడార్టు దానితో ఏమి చేసెను? ఖడ్గము చేయలేదు. కలము చెక్కుకొను చిన్న చాకు చేసెను! మంచి ఇంగ్లీషు ఉక్కు చాకుతో సమానముగా అది తెగెనని ఒప్పుకొనెను. తరువాత 1819 మొదలుకొని కొన్ని యేండ్లు అదే స్టోడార్టుతో కలిసి ఈ ఉక్కు మర్మమును వెదకినవాడు మైకేల్ ఫారడే. ఈయన విద్యుచ్ఛక్తి శోధనల చేత ప్రసిద్ధుడు గాని, కమ్మరి కుమారుడని అనేకులెరుగరు. సాండిమనియనులను చిన్న క్రైస్తవ సమాజములో సభ్యుడై, 1840లో ఆ సంఘపు పెద్దగా నియమింపబడినవాడు. తండ్రి కొలిమిలో చూచిన ఇనుమును కుమారుడు శాస్త్రశాలలో భక్తితో పరీక్షించుట నాకు ఎప్పుడును ఇంపైన తలంపే. కొలిమిలోని బొగ్గులను ఊదు కమ్మరిని తానే సృజించితినని దేవుడు యెషయా నోట పలికించెను గదా. అట్టివాని చేతిపనిని ప్రేమించుట పాపమని చెప్పుటకు నాకు నోరు రాదు.

అయితే ప్రియ చదువరీ, ఇక్కడనే ఒక ప్రశ్న అడుగవలసియున్నది. చాకును ప్రేమించు మనము కమ్మరిని ప్రేమించుచున్నామా? పట్టణములో "చేతి పని" అను మాటకు ఈ దినములలో విలువ పెరిగినది. అద్దాల అంగళ్లలో చేతిపని వస్తువులకు చెప్పినంత వెల ఇచ్చెదము. అదే రోడ్డు ప్రక్కను కొలిమి పెట్టుకొని, భార్య సమ్మెట కొట్టగా తాను పట్టకారు పట్టి కత్తిపీటకు అలుగు చేయు సంచార కమ్మరి యొద్ద పది రూపాయలకు బేరమాడెదము. సైకిలుకు సానరాయి కట్టుకొని మన వీధులలో కేకవేయుచు పోవువానిని గేటు బయటనే నిలువబెట్టెదము. వానికి మంచినీళ్లిచ్చిన ఇల్లు ఎన్ని? ఫిలిష్తీయుల కాలమున ఇశ్రాయేలు దేశమంతటిలో ఒక్క కమ్మరియు లేకపోయెనని సమూయేలు మొదటి గ్రంథము చెప్పుచున్నది. నక్కులు, గొడ్డళ్లు పదును చేయించుకొనుటకు జనులు తమ శత్రువులయొద్దకే దిగి వెళ్లవలసి వచ్చెను. కమ్మరి లేని జనము ఎంత దిక్కులేనిదో ఆ అధ్యాయము చదివినవారికి తెలియును. మన పల్లెలలో కొలుములు ఒక్కొక్కటిగా చల్లారిపోవుచున్నప్పుడు మనము ఏడ్వలేదు. అవి చల్లారిన తరువాత, మిగిలిన ఒక చాకును జేబులో వేసికొని మురియుచున్నాము. ఆ పిల్లవాడు రెండు గంటలు కొలిమియొద్ద కూర్చుండెనన్న మాట నాకు చాకుకంటె ఎక్కువ నచ్చినది.

ఆకర్షణలో రెండవది, సిద్ధముగానుండుట. పెట్టెకు కట్టిన త్రాడు కోయవలెను, పెన్సిలు చెక్కవలెను, జామపండు నలుగురికి పంచవలెను. అప్పుడు ఒకడు జేబులోనుండి చాకు తీయును, అందరును వానివైపు చూతురు. ఇది చిన్న సంతోషమే గాని నిజమైన సంతోషము. మన పెద్దలలో చాకు జేబులోనుంచుకొనినవారు కయ్యమునకు పోవువారు కారు. కలము చెక్కుకొను కరణములును బడిపంతుళ్లును ఉంచుకొనిరి. "చాకు" అను మాటయే పారసీకమునుండి కచేరీల వెంట మన భాషలోనికి వచ్చినది. అంతకు ముందును తాటియాకులమీద వ్రాయు కాలమున, ఆకు అంచులు కోయు చిన్న కత్తియు, వ్రాయు గంటమును ఒకే పిడిలో మడచుకొనునట్లు చేసిన పనిముట్లు దక్షిణదేశములో ఉండెను. వ్రాతయు కోతయు ఒకే పిడిలో! పట్టుకొన్నవాడు ఏ వైపు విప్పునో అదియే ప్రశ్న.

ఇందుచేతనే యిర్మీయా 36వ అధ్యాయమును చదువుమని పైన వ్రాసితిని. యిర్మీయా చెప్పగా బారూకు వ్రాసిన గ్రంథపు చుట్టను రాజైన యెహోయాకీము ఎదుట చదివిరి. తొమ్మిదవ నెల, చలికాలము. రాజు శీతకాలపు నగరులో కూర్చుండియుండగా ఎదుట కుంపటి మండుచుండెను. మూడు నాలుగు పుటలు చదివినప్పుడెల్ల రాజు ఒక చిన్న కత్తితో ఆ భాగమును కోసి నిప్పులో వేసెను. అంతయు కాలిపోవువరకు అట్లే చేసెను. హెబ్రీ మూలములో ఆ కత్తికి వాడిన మాటకు లేఖికుని కత్తి యని అర్థము. అనగా కలము చెక్కుటకును చర్మపత్రము కోయుటకును వ్రాతగాండ్రు వాడు పనిముట్టు. ఏ పనిముట్టు సహాయముతో దేవుని మాట వ్రాయబడునో, అట్టి పనిముట్టుతోనే ఆ మాట ముక్కలు చేయబడెను.

ఇక్కడ కొంచెము నిలిచి ఆలోచింపుము. రాజు ఖడ్గము తెమ్మనలేదు. ఖడ్గము దూసియున్నయెడల, అందరి కన్నులును దానిమీద పడియుండును, తాను ఎవరిమీద చెయ్యెత్తుచున్నాడో అతనికిని తెలిసియుండును. చాకు చిన్నది, దగ్గర నున్నది, చేతికి హాయిగానున్నది. మూడు పుటలు, ఒక కోత. మరి మూడు పుటలు, మరియొక కోత. కోపముతో ఊగిపోవుచు చేసిన పనివలె అది కనబడుటలేదు, తోచక పుల్ల చెక్కుచు కూర్చుండువాని పనివలె కనబడుచున్నది. ఎల్నాతాను, దెలాయా, గెమర్యా అను ముగ్గురు వలదని బతిమాలినను అతడు వినలేదు. చేతిలోని చిన్న పనిముట్టు పెద్ద పాపమును చిన్నదిగా అగపరచును. ఈ కాలమున వ్రేలితో ఒత్తి పొరుగువాని పేరు చెరుపువారు ఎందరో సెల్ ఫోను విషయములో దీనిని ఎరుగుదురు. ఇంతకును దేవుడు ఆ దినమునుండి లేఖికులకు కత్తులు నిషేధింపలేదు. యిర్మీయా వేరొక చుట్ట తీసికొని బారూకు చేతికియ్యగా అతడు ఆ మాటలన్నియు మరల వ్రాసెను, ఇంకను అనేకమైన మాటలు దానితో చేర్చబడెను. వాని కలము మొద్దుబారినప్పుడు దేనితో చెక్కుకొనియుండును?

మూడవ ఆకర్షణ చెప్పుకొనుటకు సిగ్గుపడునది. నా జేబులో ఒక బలమున్నది, అది ఎదుటివానికి తెలియదు అను రహస్యపు సంతోషము. మొదటి రెండును నిజమైయుండగానే ఇది వాటి వెనుక వచ్చి కూర్చుండును. రాంపూరు కమ్మరుల మడత చాకు ఎంత పనితనముగలదైనను, హిందీ చలనచిత్రములలో దుష్టుని చేతిలో టక్కున తెరచుకొనిన చప్పుడు వలననే దేశమంతటికి తెలిసినది. యౌవనునికి ఆ చప్పుడు ఇష్టము. పదిసార్లు తెరచి పదిసార్లు మూయును. దానిలో పని లేదు, పనిచేయగలనన్న గర్వము మాత్రమే యున్నది. రాత్రివేళ పంజాగుట్టనుండి నడచి వచ్చునప్పుడు చెయ్యి తానే జేబులోనికి పోయి దానిని తాకి చూచినయెడల, వాని నమ్మకము ఎక్కడ నుండెనో వానికే తెలియును. "ఆత్మరక్షణకు" అని నాతో చెప్పినవారు కలరు. కత్తి తీసినవాడు ఎదుటివానిని కూడ కత్తి తీయుమని పిలిచినట్లే యగును. చిన్న చాకు గలవాడు ఆ పిలుపులో గెలుచుట అరుదు.

గెత్సేమనే తోటను చూడుము. ఆ రాత్రి శిష్యులయొద్ద రెండు కత్తులుండెను. పస్కా గొఱ్ఱెపిల్లను కోయుటకు తెచ్చినవై యుండవచ్చునని పూర్వపు వ్యాఖ్యానకర్తయైన క్రిసొస్తొము తలంచెను. పేతురుయొద్ద వాటిలో ఒకటి ఉన్నది. మెలకువగా నుండుమని ప్రభువు అడిగినప్పుడు ఈ కత్తిగలవాడు నిద్రపోయెను. ఏ కత్తియు లేనివాడు నేలమీద సాగిలపడి చెమటోడ్చి ప్రార్థించెను. నేను సిద్ధముగానున్నానని మొల తడవి చూచుకొన్నవాడు సిద్ధపడలేదు! లేచి కన్నులు తెరచువరకే దాసుని చెవి తెగి క్రిందపడెను. ఆ చెవిని బాగుచేయు పని ప్రభువు మీద పడెను. బంధింపబడుటకు ముందు ఆయన చేతులు చేసిన ఆఖరు స్వస్థత అదియే.

ఇంతమాత్రము చేత చాకును బావిలో పారవేయుమని నేను చెప్పుటలేదు. ఆ తల్లికి అదియే కోరిక. ఇనుముపట్ల భయము మన దేశములో పాత జబ్బు. బాలింతరాలి తలగడ క్రింద కత్తి పెట్టి దయ్యములను అడ్డగింపజూతురు. తెలంగాణములో పెండ్లికుమారుని చేతికి కత్తియిచ్చి దాని మొనకు నిమ్మకాయ గుచ్చుదురు. బాప్తిస్మము పొందిన ఇండ్లలో కూడ మొదటిది ఇంకను చాటుగా జరుగుచున్నదని సంఘకాపరులెరుగుదురు. కత్తి నన్ను కాపాడునని నమ్ముట ఎంత వెఱ్ఱియో, జేబులోని కత్తియే నా కుమారుని చెరుపునని నమ్ముటయు అంతే. రెండును ఇనుపముక్కకు లేని ప్రాణమును అంటగట్టుటయే. మా చెంతనే అమీర్‌పేటలో గురుద్వారమున్నది. అక్కడికి పోవు సిక్కు సహోదరులు కృపాణము ధరించుట వారి మతాచరణలో భాగమని మన రాజ్యాంగపు 25వ అధికరణము ఒప్పుకొన్నది. దాని వెనుక ఒక ప్రమాణమున్నది, ధరించువాడు దానికి జవాబుదారి. మనకు అట్టి ఆజ్ఞ లేదు గనుక, చాకు మోయు క్రైస్తవుడు తన జవాబును తానే వెదకుకొనవలెను.

ఆ పిల్లవానిని నేను అడిగిన ప్రశ్నలు మూడు నాలుగే. దీనిని తెచ్చిన తరువాత దేనికి వాడితివి? వాడు ఆలోచించి, ఒకసారి పార్సిలు కోసితిననెను. నీ స్నేహితులకు ఇది నీయొద్ద ఉన్నట్టు తెలియునా? కొందరికి. ఎవరైన అడిగిన ఇచ్చెదవా? ఇక్కడ తడబడెను. "పదును పాడుచేస్తారండీ" అనెను. అడిగినవానికి ఇయ్యలేనిది, నలుగురి ఎదుట తీయలేనిది, తుప్పు పట్టకుండ నూనె రాయుటయే తప్ప వేరు పని లేనిది ఇక పనిముట్టు కాదు. అది ఆయుధమైనను కావలెను, విగ్రహమైనను కావలెను. పనిలో నున్న కత్తి అంత తొందరగా చెడుదారి పట్టదు. సాయంకాలమునకు అలసి, కడిగి తుడిచి పెట్టబడును. పనిలేనిదే జేబులో కూర్చుండి పని వెదకుచుండును. తల్లి ఎదుటనే ఆ చాకును వానికి తిరిగి యిచ్చితిని. వంటింటిలో దానిని అమ్మకు కనబడుచోట పెట్టి, ఆమె కూరగాయలు దానితోనే తరిగి యిమ్మంటిని. ఊరికి పోయినప్పుడు, ఆ కమ్మరికి పనియేమైన దొరకునేమో కాలనీలో నలుగురిని అడిగి వెళ్లుమంటిని. ఆమెకు ఇది పూర్తిగా నచ్చలేదు. నేనును ఆమెను బలవంతపెట్టలేదు.

ఫ్రాన్సు దేశపు కొండలలో లగ్యోలు అను ఊరి పేర పిలువబడు మడత చాకు ఒకటి కలదు. దాని పిడిమీద చిన్న మేకులతో సిలువ గురుతు వేయుదురు. గుడికి దూరముగా మందలు మేపు కాపరులు రొట్టెలో ఆ చాకును నిలువుగా గుచ్చి, పిడిమీది సిలువ ఎదుట ప్రార్థనచేసి, పిమ్మట దానితోనే రొట్టె కోసికొనెడివారని చెప్పుదురు. ఎంత నిజమో గాని, ప్రార్థనకును రొట్టెకును నడుమ ఆ చాకునకు వేరొక పని లేకపోవుట నాకు నచ్చినది.

తోటలో దూసిన కత్తిని పేతురు ఏమి చేసెను? ఒరలో పెట్టుమని ప్రభువు చెప్పెను. ఆపైన ఏ సువార్తికుడును దానిమాట ఎత్తలేదు. తిబెరియ సముద్రతీరమున తెల్లవారుజామున మరల అతడు కనబడును. పైబట్ట మొలకు బిగించుకొని నీళ్లలో దూకినవాడు, ప్రభువు ఎదుట తడిసి నిలుచుండెను. నిప్పులు ముందే రాజుకొనియున్నవి, రొట్టెయు చేపయు వాటిమీద నున్నవి. అయినను మీరు పట్టిన చేపలలో కొన్ని తెండని ప్రభువు చెప్పెను. వల ఒడ్డుకు లాగి లెక్కింపగా గొప్ప చేపలు 153. అన్ని చేపలను కోసి శుభ్రము చేయవలెను గదా. జాలరియైన పేతురు మరి దేనితో కోసియుండును?